ఎడమ పక్క ఆయనది

మా కారుకి ఉన్న గీతలన్నీ ఎడమ వైపే ఉన్నాయని మొదట కనిపెట్టింది మా అమ్మాయి. ఒక ఆదివారం పొద్దున ఎలక్ట్రానిక్ సిటీ నుంచి యలహంకకి మమ్మల్ని చూడ్డానికని వచ్చి, మమ్మల్ని చూడకుండా తిన్నగా కారు దగ్గరికి పోయింది. సంతలో ఎద్దుని బేరమాడేవాడిలా దాని చుట్టూ రెండుసార్లు తిరిగింది. కుడి వైపు నిక్షేపంగా ఉంది. ఎడమ వైపు మాత్రం ముందు తలుపు మీద ఒక సొట్ట, వెనక తలుపు మీద పాల బూత్ గోడ తాలూకు నీలం రంగు, బంపరు మూల ఎవరి స్కూటరుదో ఒక గీత.

"ఇవన్నీ ఎప్పుడమ్మా?" అంది.

"అవా? ఎప్పటివో."

"పోయిన ఉగాదికి నేనే కదా కడిగించింది. అప్పుడు ఒక్కటీ లేదు."

అబద్ధం ఆడేముందు ఎదుటివాళ్లకి జ్ఞాపకశక్తి ఉందో లేదో చూసుకోవాలి. నేను చూసుకోలేదు. మా ఆయన పేపరు వెనక నుంచి నాకు సాయం వచ్చాడు. "బెంగుళూర్లో గీతల్లేని కారు షోరూములో తప్ప యాడా ఉండదు పాపా," అన్నాడు. ఆ సాయం వల్ల ఇంకా చెడింది. మా అమ్మాయి లోపలికి వచ్చి, మేకుకి తగిలించి ఉన్న కారు తాళం తీసుకుని తన సంచిలో వేసుకుంది.

"మా ఆఫీసు దగ్గర ఒక రిహాబ్ సెంటరు ఉండాది. పెద్దవాళ్ల డ్రైవింగు పరీక్ష చేస్తారు. నిజం కారు కాదు, సిమ్యులేటరు. తెర మీదే రోడ్డు, తెర మీదే జనం. గుద్దినా ఎవరికీ ఏం కాదు. పాసైతే తాళం నీ చేతికి ఇస్తా. లేకపోతే లేదు."

నాకు అరవై ఏడేళ్లు. లైసెన్సు ఇచ్చిన సర్కారుకి లేని అనుమానం నా కడుపున పుట్టినదానికి వచ్చింది. పాలు తాగించిన చేతులకి పరీక్ష పెడతావా అని పెద్ద మాటేదో అనబోయాను గానీ, ఆ నీలం రంగు గుర్తొచ్చి ఊరుకున్నాను.

నేను ఎలా నడుపుతానో ఇక్కడ కొంచెం చెప్పాలి. లేకపోతే తర్వాత జరిగింది మీకు అర్థం కాదు. నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా పనిచేశాను. చెవిలో మాట పడగానే చెయ్యి పని చేసెయ్యాలి, మధ్యలో బుర్ర అడ్డం రాకూడదు. అదే ఆ ఉద్యోగంలో నేర్పు. యాభై రెండేళ్లకి ఉద్యోగం మానేశాక, అమ్మాయి తన పాత కారు మాకు ఇస్తే, వీధి వీధంతా నవ్వుతుండగా డ్రైవింగు నేర్చుకున్నాను. మా ఆయన ప్రభుత్వ బస్సుల్లో ముప్పై నాలుగేళ్లు కండక్టరు. ఆయనకి బండి నడపడం రాదు, నడిపించడం వచ్చు. వెనక తలుపు దగ్గర నిలబడి, తల బయటపెట్టి, ఎడమ వైపంతా చూసుకుని "రైట్, రైట్" అంటే డ్రైవరు బస్సు కదిలించేవాడు. "హోల్డాన్" అంటే ఆపేవాడు. ఎడమ పక్క ఏం జరుగుతోందో డ్రైవరుకి పట్టేది కాదు. అది కండక్టరు రాజ్యం.

నేను కారు నేర్చుకున్న ఏడాదే ఆయన రిటైరయ్యాడు. బస్సు నిండా జనంతో రోజంతా మాట్లాడిన మనిషి ఒక్కసారిగా గోడ వైపు చూస్తూ కూర్చోవడం మొదలుపెట్టాడు. ఒకసారి మా చుట్టాల పెళ్లిలో, భోజనాల వరసలో నిలబడి, "ముందుకు జరగండప్పా, లోపల చానా జాగా ఉండాది," అని అరిచాడు. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ తర్వాతి వారమే ఆయన్ని నా కారులో ఎడమ సీట్లో కూర్చోబెట్టుకున్నాను. వీధి మలుపు దగ్గరికి రాగానే అద్దం దించి, తల బయటపెట్టి, "రైట్, రైట్" అన్నాడు. ఆయన మొహంలోకి నెత్తురు తిరిగి వచ్చింది.

మొదట్లో నాకు చిరాకేసేది. రెండు నెలలు పోయేసరికి సుఖంగా ఉంది. కుడి పక్క నేను, ఎడమ పక్క ఆయన. ఎడమ వైపు అద్దం కూడా తనకి కనబడేటట్టు తిప్పి పెట్టుకున్నాడు. నా సీట్లోంచి చూస్తే అందులో మా తలుపు పిడి తప్ప ఏమీ కనబడేది కాదు. పదిహేనేళ్లు నేను ఆ అద్దం మొహం చూడలేదు. అందులో వింతేముందో నాకు తెలియదు. మొగుడూ పెళ్లాలు ఇంటి పనులు పంచుకున్నట్టు మేం రోడ్డుని పంచుకున్నాం, అంతే.

కాబట్టి మా అమ్మాయి సంచిలో పడింది ఒక తాళం కాదు, రెండు ఉద్యోగాలు. నాది పోతే నాకు టీవీ ఉంది, పక్కింటివాళ్లు ఉన్నారు, పోట్లాడ్డానికి కూరగాయల బండివాడు ఉన్నాడు. ఆయనకి ఆ సీటు తప్ప ఇంకేమీ లేదు. ఆ పరీక్ష ఎలాగైనా పాసవ్వాలని నేను పట్టుబట్టింది అందుకే.

పరీక్ష రోజు మా కారుని అమ్మాయే నడిపింది. మా ఆయన పెట్టె అడుగునుంచి తీసిన ఇస్త్రీ చొక్కా వేసుకుని ఎడమ సీట్లో కూర్చున్నాడు. నేను వెనక. వీధి చివర రాగానే ఆయన అద్దం దించి, "రైట్, రైట్," అన్నాడు.

"నాయనా, ఏసీ పోతుంది, అద్దం ఎక్కించు. నాకు కనబడతాంది," అంది అమ్మాయి.

హెబ్బాళ ఫ్లైఓవరు దగ్గర ఇంకోసారి ప్రయత్నించాడు. అప్పుడు ఫోనులో దారి చెప్పే ఆడమనిషి గొంతు ఆయన గొంతుని మింగేసింది. అక్కణ్నుంచి సిల్కు బోర్డు కూడలి దాటేదాకా నోరు విప్పలేదు. బెంగుళూరు ఈ చివర నుంచి ఆ చివరికి పోవడమంటే చిన్న తీర్థయాత్ర. ఆ యాత్రంతా ఆయన చేతులు ఒళ్లో పెట్టుకుని బుద్ధిగా కూర్చున్నాడు. చూడలేక నేను కళ్లు మూసుకున్నాను.

ఆ సెంటరులో ఒక గది. గదిలో ఒక సీటు, స్టీరింగు, కింద పెడళ్లు, ముందూ పక్కలా మూడు పెద్ద తెరలు. కారుని నడుముకి కోసి ముందు ముక్క తెచ్చి పెట్టినట్టుంది. పరీక్ష పెట్టేది చింతామణి ఊరి వైపు అమ్మాయి, ముప్పై ఏళ్లలోపే ఉంటుంది. సగం తెలుగు, సగం కన్నడం, మొత్తం నవ్వు.

"రండి ఆంటీ, కూర్చోండి. అంకుల్, మీరు స్వల్ప బయట వెయిట్ చేయండి."

"ఆయన నాతోనే ఉంటాడు," అన్నాను.

"లేదు ఆంటీ, సీటు ఒకటే ఉండేది."

అప్పుడే నాకు అపశకునంగా తోచింది. చెప్పులు విడిచేసి సీట్లో కూర్చున్నాను. తెరలు వెలిగాయి. మన రోడ్లే పెట్టారు. ఆటోలు, టెంపోలు, గుంతలు, రోడ్డు మధ్యలో తీరిగ్గా నిలబడిన మనుషులు. బండి కదలదు గానీ రోడ్డు పరుగెడుతుంది. నా తల ఒకటి అంటే నా కడుపు ఇంకొకటి అంది. చింతామణి అమ్మాయి నిమ్మకాయ పిప్పరమెంటు ఒకటి నోట్లో వేసి, "అందరికీ ఇట్లే ఆంటీ, ఐదు నిమిషాల్లో సరిపోతుంది," అంది. నిజంగానే సరిపోయింది. ఆ తర్వాత నన్ను పట్టుకునేవాళ్లు లేరు. ఎదురుగా ఒక ఆటో ఉన్నట్టుండి ఆగింది. బ్రేకు నొక్కి, తెర మీది ఆటోవాణ్ని వాడి వంశంతో సహా కన్నడంలో తిట్టాను. వాడు బొమ్మ కాబట్టి నోరు మూసుకుని పోయాడు. ఇంత మర్యాదస్తుడైన ఆటోవాణ్ని నేను ఈ ఊళ్లో చూడలేదు.

తర్వాత ఒక నాలుగు రోడ్ల కూడలి వచ్చింది. ఆగాను. కుడి వైపు చూశాను. ఎవరూ లేరు. ముందు ఎవరూ లేరు. అలాగే కూర్చున్నాను. వెనక నుంచి హారన్లు. ఇంకా కూర్చున్నాను.

"ఆంటీ, గాడి ఎందుకు నిలబెట్టినారు?"

"పోతాను ఉండు పాపా, ఇంకా అనలేదు కదా."

"ఎవరు అనలేదు?"

నేను ఎడమ పక్కకి తిరిగాను. అక్కడ తెరకి ఇవతల గోడ ఉంది, గోడకి నిప్పులార్పే ఎర్ర సిలిండరు ఒకటి వేలాడుతోంది. నాకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

పరీక్ష అయ్యాక ఆ అమ్మాయి కాగితం చూపించింది. బ్రేకు వెయ్యడం బాగుంది. వేగం బాగుంది. బండి గీత దాటకుండా పట్టుకోవడం నా వయసుకి చాలా బాగుంది. ఎదురుగా ఉన్న చిన్న కెమెరా ఒకటి నా తల ఎటు తిరుగుతోందో చూస్తూనే ఉందట. ఆయన కోసం గోడ వైపు తిరిగింది లెక్కలోకి రాదట, పరీక్ష మొత్తంలో రోడ్డు చూడ్డానికి నా తల ఎడమ వైపు ఒక్కసారీ తిరగలేదు. ఆ గడిలో సున్నా వేసి ఉంది.

"ఇది అన్యాయం," అన్నాను. "సగం డ్రైవర్ని బయట కూర్చోబెట్టి మిగతా సగానికి పరీక్ష పెడితే సున్నా రాక ఏమొస్తుంది? ఎడమ పక్క ఆయనది."

మొత్తం వివరించాను. బస్సు, వెనక తలుపు, రైట్, హోల్డాన్, తిప్పి పెట్టిన అద్దం, అన్నీ చెప్పాను. మా అమ్మాయి నెత్తి కొట్టుకుంది. "అమ్మా, పరీక్షలో పక్కవాళ్లది చూసి రాసినట్టు ఉండాది నీ డ్రైవింగు," అంది.

"కాపీ కాదు, కంబైండ్ స్టడీ," అన్నాను.

చింతామణి అమ్మాయికి నవ్వు ఆగలేదు. "సరే ఆంటీ, మార్కులు వేయను, ఊరికే చూద్దాం," అని, బయట నుంచి ఒక ప్లాస్టిక్ కుర్చీ తెప్పించి, నా సీటుకి ఎడమ పక్కన వేయించింది.

మా ఆయన లోపలికి వచ్చాడు. చొక్కా సర్దుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. ఆ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న తీరు చూస్తే పాత డిపో మేనేజరు లేచి నిలబడి ఉండేవాడు. రోడ్డు మొదలైంది. "రైట్, రైట్. నిదానం. హోల్డాన్, హోల్డాన్, ముసలామె దాటుకోనీ. ఆఁ, రైట్." నేను నా జన్మలో అంత బాగా నడపలేదు. కూడలి కూడలికీ వెన్నలో కత్తి దిగినట్టు పోయాం. మా అమ్మాయి నోరు తెరుచుకుని చూస్తోంది. చింతామణి అమ్మాయి రాయడం మానేసి చప్పట్లు కొట్టింది. చూశావా అన్నట్టు నేను మా అమ్మాయి వైపు ఒక చూపు పడేశాను.

ఇంకో మలుపు వచ్చింది. ఆగాను. "రైట్, రైట్," అన్నాడు. కదిలాను. ఎడమ సందులోంచి పూల బుట్టలు కట్టుకున్న స్కూటరు ఒకటి వచ్చి మా ముందు పడింది. ధన్ మని చప్పుడు. తెరలు మూడూ ఆగిపోయాయి. మధ్య తెర మీద ఎర్రక్షరాలు వెలిగాయి.

"ఇది మోసం!" అని అరిచాడు మా ఆయన. "యాడి నుంచి ఊడిపడినాడు వాడు?"

"సందులోంచే వచ్చినాడు అంకుల్. ఉండండి, మళ్లీ వేస్తా."

మళ్లీ వేసింది. అదే రోడ్డు, అదే మలుపు. ఈసారి ఆయన ముందుకి వంగి, కళ్లు చికిలించుకుని, తెర మొత్తం వెతికాడు. అక్కడ స్కూటరు వస్తుందని నాకు తెలుసు. పూల బుట్టలతో సహా తెలుసు. అయినా చెవిలో "రైట్" పడగానే నా కాలు నొక్కేసింది. మళ్లీ ధన్.

అప్పుడు చూశాను, చింతామణి అమ్మాయి నా వైపు చూడ్డం లేదు. ఆయన వైపు చూస్తోంది. నవ్వు పోయింది. ఆయన ఎదురుగా ఒక స్టూలు లాక్కుని కూర్చుని, "అంకుల్, నా ముక్కునే చూస్తా ఉండండి. నా చేయి కనబడితే చెప్పండి," అంది. కుడి చెయ్యి దూరంగా చాచి వేళ్లు ఆడించింది. అది ఆయనకి ఎడమ పక్క. ఆయన ఏమీ అనలేదు. చెయ్యి కొంచెం దగ్గరికి తెచ్చింది. ఏమీ అనలేదు. ఇంకా దగ్గరికి తెచ్చింది. మా అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ వేళ్లు దాదాపు ఆ పిల్ల చెంప దగ్గరికి వచ్చాక, "ఆఁ, ఇప్పుడు," అన్నాడు. అన్నాక మా మొహాలు చూసి, తను ఎంత ఆలస్యంగా అన్నాడో గ్రహించి, తల దించుకున్నాడు.

మా అమ్మాయి కారు తన దగ్గరే పెట్టుకుని మమ్మల్ని క్యాబులో పంపేసింది. ఇంటికి వచ్చి, కాఫీ పెట్టబోయి, పాలగిన్నె పొయ్యి మీద పెట్టి, అడిగేశాను.

"ఎప్పటి నుంచి?"

"ఏడాది అవతాదేమో. మొదట్లో కొంచెమే. మనుషులు పక్కనుంచి ఊడిపడినట్టు కనబడతాండ్రి. ముసిలితనం అనుకొంటి."

"మరి రైట్ రైట్ అంటాంటివి కదయ్యా!"

"చెవులు బాగుండాయి కదమ్మే. శబ్దం రాకుంటే రైట్ అంటాంటి. ఈ మధ్య కరెంటు స్కూటర్లు వచ్చి సావగొట్టినాయి. వాటికి శబ్దమే లేదు."

నాకు ఒళ్లు భగ్గుమంది. చేతిలో ఉన్న గరిటె సింకులోకి విసిరాను. "నన్ను చంపుదామనుకున్నావా? దారిన పోయే బిడ్డల్ని చంపుదామనుకున్నావా? ఒక్క మాట, ఒక్క మాట చెప్పడానికి నోరు రాలేదా నీకు? ఊరందరికీ నోరుంది, అరవడానికి నీకూ ఉంది, ఇది చెప్పడానికి లేకపోయిందా?"

ఆయన గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. "చెప్తే నువ్వు బండి ఆపేస్తావు," అన్నాడు. "బండి ఆపేస్తే నాకి ఇంగేం పని ఉండాది?"

ఇంకా తిట్టడానికి నా దగ్గర చాలా ఉన్నాయి. తిట్టబోయేసరికి ఆ ఏడాదిలో మేము పోయిన దారులన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. కాడుగోడి సంత, బడి వదిలే వేళ స్కూలు ముందు నుంచి పోవడం, గుడి పక్క ఇరుకు సందు. భయమేసింది. ఆ భయంలోనే ఆయన మీద జాలి కూడా వేసింది. ఈ రెండూ ఒకేసారి వస్తే మనిషికి ఏడుపు తప్ప ఇంకో దారి ఉండదు. పాలు పొంగిపోయేదాకా ఏడ్చాను.

కంటి ఆసుపత్రిలో అసలు సంగతి తేలింది. రెండు కళ్లలోనూ ఒత్తిడి పెరిగి నరాలు దెబ్బతిన్నాయి, పక్క చూపు పోయిందన్నారు. చుక్కలు వేసుకుంటే ఉన్న చూపు నిలుస్తుంది, పోయింది మాత్రం తిరిగి రాదు. అక్కడ కూడా ఆయనకో యంత్రం పెట్టారు. గుండ్రటి గిన్నెలాంటి దాంట్లో తల పెట్టి, దీపం చుక్క ఎక్కడ వెలిగినా చేతిలో మీట నొక్కాలి. మా ఆయన టకటకా నొక్కేశాడు. "తాతా, దీపం వెలగకముందే నొక్కేస్తున్నారు," అంది నర్సు. ఫెయిలవడం ఇష్టం లేదు పాపం. మళ్లీ మొదటి నుంచి పెట్టాల్సి వచ్చింది.

ఇక నేను ఎడమ వైపు చూడ్డం నేర్చుకోవాలి. చింతామణి అమ్మాయి మూడు వారాలు గడువిచ్చింది, వారానికోసారి వచ్చి సిమ్యులేటరు మీద సాధన చెయ్యమంది. అరవై ఏడేళ్ల మెడకి కొత్త విద్య అంత తొందరగా పట్టుబడదు. అద్దం, భుజం, రోడ్డు. అద్దం, భుజం, రోడ్డు. ఇంట్లో కూడా అదే జపం. వంటింట్లోంచి హాల్లోకి వచ్చేటప్పుడు ఎడమ చూసుకుని వచ్చేదాన్ని. మెడ పట్టేసి, ఒక వారమంతా ఎవరు పిలిచినా ఒంటితో సహా తిరగాల్సి వచ్చింది. పక్కింటావిడ నాకు దిష్టి తగిలిందని ఎండుమిరపకాయలు తిప్పి పోయింది.

మొదటి వారం తెర మీద మూడుసార్లు గుద్దాను. చూస్తున్నాను, కానీ ఏం చూడాలో తెలియడం లేదు. ఎడమ పక్కంతా గజిబిజి. ఇంటికి వచ్చి ఆ మాట అనేసరికి మా ఆయన "పొద్దున్నే మెయిన్ రోడ్డుకి పోదాం, రా," అన్నాడు.

ఆ మర్నాటి నుంచి రోజూ పొద్దున ఇద్దరం యలహంక బస్ స్టాపులో సిమెంటు బెంచీ మీద కూర్చున్నాం. బస్సు ఎక్కేవాళ్లం కాదు. ఆయన చెప్తాడు, నేను చూస్తాను.

"ఆటోవాని మొగం చూడొద్దు. వాడి ముందర చక్రం చూడు. మొగం అబద్ధం చెప్తాది, చక్రం చెప్పదు. చూసినావా?"

"చూసినా."

"నిలబెట్టిన టెంపో ఉంటే దాని కింద చూడు. కాళ్లు కనబడతాయి. కాళ్లు నడస్తా ఉంటే మనిషి ముందరికి వస్తాడు. చెయ్యెత్తి బస్సు ఆపేవాడు రెండడుగులు రోడ్డు మీదికి వస్తాడు, లెక్క పెట్టుకో. గొడుగు పట్టుకున్నోళ్లకి ఏమీ కనబడదు, వాళ్ల పక్క నువ్వే చూడాల."

ముప్పై నాలుగేళ్లు వెనక తలుపులో వేలాడుతూ నేర్చుకున్నదంతా ఆ బెంచీ మీద నాకు అప్పజెప్పాడు. ఆయనకి పక్కది కనబడటం లేదు, అయినా అంతా తెలుసు. "ఇప్పుడు ఆ బేకరీ ముందర బైకు ఉంటాది, దాని పక్కనించి ఎవరో దిగతా ఉంటారు," అనేవాడు. చూస్తే నిజంగానే దిగుతుండేవారు. ఎంత హుషారుగా చెప్పేవాడంటే, తెలియనివాళ్లు ఎవరైనా చూస్తే కొత్త కండక్టరుకి ట్రైనింగు ఇస్తున్నాడనుకుంటారు. మూడో రోజో నాలుగో రోజో, ఆయన టెంపోల గురించి చెబుతుండగా నాకు తట్టింది. నేను బాగా నేర్చుకున్న కొద్దీ ఆయన అవసరం నాకు తగ్గిపోతోంది. ఆ సంగతి ఆయనకి నాకన్నా ముందే తెలుసు. తెలిసే చెబుతున్నాడు. నేను తల ఎడమ వైపు తిప్పుకున్నాను. చూడ్డానికి కాదు, కళ్లు తుడుచుకోడానికి.

మళ్లీ పరీక్ష రోజు వచ్చింది. మేము క్యాబులో పోయాం, మా అమ్మాయి మా కారు తీసుకుని వచ్చింది. మా ఆయన్ని రమ్మని ఎవరూ అనలేదు, వద్దనీ అనలేదు. ఆయనే బయట బెంచీ మీద కూర్చుని, "పో, పో, టయమైతాంది," అన్నాడు.

తెరలు వెలిగాయి. వేరే రోడ్డు పెట్టారు. మొదటి కూడలిలో ఆగాను. అద్దం, భుజం, రోడ్డు. ఎవరూ లేరు. ఎవరూ ఏమీ అనకుండానే కదిలాను. అది చెప్పినంత సులువు కాదు. నా కాలు ఆ మాట కోసం ఒక క్షణం ఎదురుచూసింది. తర్వాత ఒక చోట ఆగి ఉన్న టెంపో కింద రెండు చెప్పుల కాళ్లు నడుస్తూ కనబడ్డాయి. బ్రేకు వేశాను. టెంపో ముందు నుంచి ఒక పెద్దాయన బయటికి వచ్చి, తాపీగా రోడ్డు దాటిపోయాడు.

"అబ్బా ఆంటీ!" అంది చింతామణి అమ్మాయి. "దాన్ని ఎవరూ పట్టుకోరు. పడుచువాళ్లు కూడా గుద్దేస్తారు. ఎవరు నేర్పించినారు మీకు?"

"బయట కూర్చోనున్నాడు," అన్నాను.

పాసయ్యాను. పగటి పూట నడపొచ్చు, ఏడాదికోసారి వచ్చి చూపించుకోవాలి. కాగితం మీద సంతకం పెట్టాక ఆ పిల్ల వచ్చి నన్ను కావలించుకుంది. మా అమ్మాయి ఏడుస్తూ నవ్వుతూ తాళం తీసి నా చేతిలో పెట్టి, "మీరిద్దరే పోండి, నాకు ఆఫీసు ఉండాది," అంది. నేను ఆ తాళాన్ని రెండు కళ్లకీ అద్దుకున్నాను. సినిమా చేస్తున్నానని మా అమ్మాయి అంది. అననీ.

కారు దగ్గరికి వచ్చాం. ముందు నా సీట్లో కూర్చుని, ఎడమ అద్దాన్ని నాకు కనబడేటట్టు తిప్పుకున్నాను. పదిహేనేళ్లుగా అటు వైపే ఉండి బిగుసుకుపోయింది, మా అమ్మాయి కూడా తిప్పలేక వదిలేసిందట, ఒక పట్టాన తిరగలేదు. అది తిరిగేదాకా ఆయన బయట నిలబడి చూశాడు. తర్వాత ముందు తలుపు దాటిపోయి, వెనక తలుపు తీసుకుని, ఎక్కి కూర్చున్నాడు.

"ఏమయ్యా, నేనేమన్నా నీ డ్రైవరునా? ముందుకి రా."

"కండక్టరు జాగా ఎనక డోరు కాడనే కదమ్మే," అన్నాడు నవ్వుతూ.

"నీ జోకులకి నేను నవ్వను. రా అంటే రా. నోరు మూసుకుని కూర్చుందువు గానీ."

"నా నోరు ఊరుకోదు. ముందర కూచుంటే అనేస్తా. అంటే నువ్వు పోతావు." నవ్వు ఆపేశాడు. "ఆ పొద్దు స్కూటరు వస్తాదని నీకి తెలుసు. తెలిసి కూడా నేను రైట్ అంటే పోయినావు. చూస్తిని కదా. నా కండ్లు పోయినందుకు కాదు, నువ్వు నన్ను అంత నమ్మతావే, దానికి భయం నాకి."

బండి స్టార్టు చేసి ఎడమ వైపుకి చూశాను. అద్దం, గేటు, గేటు పక్క నిలబెట్టిన బైకు, దాని వెనక రోడ్డు, అంతా శుభ్రంగా కనబడింది. ఆయన సీటు ఖాళీగా ఉంటే ఎడమ పక్క అంత బాగా కనబడుతుందని నాకు ఆ రోజే తెలిసింది.